సద్దు మింగిన బీడు

అలివేలు గంట ఊపుకుంటూ నడుస్తోంది. ఆవు మెడకు కట్టే ఇత్తడి గంట అది. ప్రయోగశాల వెనక షెడ్డులో వరుసగా పేర్చిన నారు ట్రేల మధ్య ఆమె ఆ కొస నుంచి ఈ కొసకు వస్తుంటే, గుమ్మం దగ్గర నిలబడి పరాంకుశం చెవి ఒగ్గి వింటున్నాడు. ఒట్టి మట్టి ట్రేల దగ్గర గంట ఖంగుమని మోగింది. గడ్డి ఒక్కటే మొలిచిన ట్రేల దగ్గర దాని మీద గోనె కప్పినట్టు మొద్దుబారింది. షెడ్డు నడిమధ్యన, అంజన్ గడ్డీ మూడాకుల క్లోవరూ ఒకదానిలో ఒకటి అల్లుకుని ఒత్తుగా లేచిన చోట, ఆమె వంగి గంటను గట్టిగా ఊపింది. గంట నాలుక అటూ ఇటూ కొట్టుకోవడం కనబడింది. సద్దు మాత్రం రాలేదు.

పరాంకుశం పెదవులు కదిపాడు. ఆయనేమన్నాడో అలివేలుకు అందలేదు. గుమ్మం దాకా నడిచి వచ్చాక అడిగింది.

"ఏమన్నారు సార్?"

"ఇంకోసారి ఊపమన్నాను. మూడుసార్లు అన్నాను," అన్నాడాయన.

పలమనేరు ఊరి బయట పశుగ్రాస విత్తనాలు తయారుచేసే చిన్న సంస్థ అది. పరాంకుశం దానికి డైరెక్టరు. అలివేలు అక్కడి శాస్త్రవేత్త. మూడాకు కింది వైపు ఉండే నూగును ఆమె ఏళ్ళ తరబడి ఏరి, సంకరం చేసి, ఒత్తుగా, పొడుగ్గా పెంచింది. సద్దు తగిలితే ఆ నూగు వణుకుతుంది, వణికి వణికి కాస్త వెచ్చబడుతుంది. సద్దు అక్కడితో సరి. అంజన్ గడ్డి పోచల మీది నూగు సన్నసద్దుల్ని పట్టుకుంటుంది, మూడాకు లావుసద్దుల్ని పట్టుకుంటుంది. దేనికదిగా వేస్తే పెద్ద తేడా ఉండదు. రెండూ కలిస్తేనే ఆ మాయ.

ఇదంతా ఆమె మొదలుపెట్టింది ఇంటి కోసమే. ఆమె భర్త మునిరత్నానికి మొగిలివంకపల్లె బయట పాడి ఉంది. ఆవులు మేసే ఆయన బీటికి ఒక పక్క కౌండిన్య అడవి, మరో పక్క గ్రానైటు క్వారీ. క్వారీలో బండ పేల్చినప్పుడల్లా ఆవులు తోకలెత్తి పరుగులు తీసేవి. పాలు ఎగబట్టేవి. విత్తనం సిద్ధమైన ఏడు ఎండాకాలం రెండు చూడి ఆవులు కడుపు పోగొట్టుకున్నాయి. క్వారీ మీద అర్జీలు పెట్టి పెట్టి మునిరత్నం విసిగిపోయాడు.

"నీ గడ్డి బండసద్దును ఆపుతుందా లేదా? అది చెప్పు నాకు," అన్నాడాయన, విత్తనం కలిపే రోజు.

"ఆపుతుంది బావా, పూర్తిగా కాదు. మూడు పాళ్ళు గడ్డి, ఒక పాలు మూడాకు వేస్తే, బండ పేలినప్పుడు యాడో దూరంగా ఉరిమినట్టు ఉంటుంది."

"ఉరిమినా బెదురుతాయి. మూడాకు జాస్తి వెయ్యి."

"మనిషి గొంతు కూడా దాంట్లోనే పోతుంది. సగానికి సగం వేస్తే బీట్లో ఒకరి మాట ఒకరికి వినబడదు."

"నేను ఎవురితో మాట్లాడేది ఆడ? ఆవులతోనే గదా. అవి నా చెయ్యి చూసి వస్తాయి."

అలివేలు కాసేపు ఆలోచించింది. సంస్థకు కూడా పెద్ద మడి మీద గట్టి పరీక్ష కావాలి. చివరికి సగానికి సగం కలిపింది.

మూడాకు గింజ ఆవగింజ కన్నా చిన్నది, పైపొట్టు గట్టిది. దాన్ని వేడినీళ్ళలో నానేసి, చల్లార్చి, మూడాకు వేళ్ళ బుడిపెలను ఎండబెట్టి కొట్టిన పొడిని బెల్లం పాకంలో కలిపి గింజలకు పట్టించి, నీడన ఆరబోసింది. అంజన్ గింజ దూదిపింజలా గాలికి లేచిపోతుంది కాబట్టి తడి ఇసుకలో కలిపారు. చల్లింది కుప్పమ్మ. మునిరత్నానికి తల్లి, అలివేలుకు మేనత్త. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గంప చంకన పెట్టుకుని, పిడికిలి సందుల్లోంచి గింజను సమంగా జార్చుకుంటూ ఆమె బీడంతా తిరిగింది. ముళ్ళకంప లాగేవాళ్ళను గట్టు మీది నుంచే అదిలించింది.

"లోతుకు దిగనీకండ్రా. పైపైన ఈడ్చండి. గింజకు మన్ను మెత్తగా కప్పితే చాలు."

కుప్పమ్మ గొంతు ఆ చుట్టుపక్కల అందరూ ఎరిగిందే. ఆమె తన దొడ్లో నిలబడి పిలిస్తే వంకకు అవతల ఉన్న చేలల్లోవాళ్ళు కూడా పలికేవాళ్ళు. పని ముగిశాక చెయ్యి కడుక్కుంటూ కోడలిని అడిగింది.

"ఏమ్మే, సద్దునంతా మింగి ఆ గడ్డి యాడ పెట్టుకుంటుంది?"

"యాడా పెట్టుకోదత్తా. అరిగిపోతుంది, అంతే."

"సద్దు అరిగిపోవడమేందో," అంది కుప్పమ్మ నవ్వుతూ.

వానలు బాగా పడ్డాయి. గడ్డి మోకాటి ఎత్తుకు లేచింది. కింద మూడాకు తివాచీలా పరుచుకుంది. క్వారీలో మళ్ళీ పేల్చిన రోజు ముగ్గురూ బీటిలోనే ఉన్నారు. కొండ పక్కన తెల్లటి దుమ్ము పువ్వులా విచ్చుకుని లేచింది. అరికాళ్ళ కింద నేల ఒకసారి సన్నగా జలదరించింది. అంతకు మించి ఏమీ లేదు. ఆవులు తలలెత్తలేదు, మేస్తూనే ఉన్నాయి. మునిరత్నం రెండు చేతులూ ఎత్తి భార్యకు దండం పెట్టాడు. ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆమెకు కనబడింది గాని వినబడలేదు.

పాలు పెరిగాయి. ఆవులు నిగనిగలాడాయి. చుట్టుపక్కల పాడి రైతులు వచ్చి చూసి, గట్టు దిగి నాలుగడుగులు వేసి, గొంతు సవరించుకుని, చెవుల్లో వేలు పెట్టి ఆడించుకుని, చప్పున వెనక్కి వచ్చేసేవాళ్ళు. బాగుందనేవాళ్ళు. రెండోసారి దిగమంటే మాత్రం దిగేవాళ్ళు కాదు.

బీటిలో నిలబడితే సద్దు చాలావరకు చచ్చేది. కూర్చుంటే పూర్తిగా చచ్చేది. మూడాకు పూల మీద తేనెటీగలు వాలేవి, వాటి రెక్కలు ఆడేవి, ఝుమ్మనడం మాత్రం ఉండేది కాదు. గాలి వీస్తే గడ్డి అలలు అలలుగా వంగి లేచేది, ఆ గాలికీ సవ్వడి లేదు. నేల మీద గుడ్లు పెట్టుకునే తీతువు పిట్టలు ఒక జత అక్కడే ఉండేది. అవి పగలంతా నోళ్ళు తెరిచి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ తిరిగి, గుడ్లు వదిలేసి వెళ్ళిపోయాయి.

మునిరత్నానికి మాత్రం ఆ చోటు పట్టుకుంది. మొదట్లో మధ్యాహ్నం కాసేపు కూర్చునేవాడు. తర్వాత తెల్లవారి పాలు పితకగానే వెళ్ళి బీటి మధ్యన కూర్చుని, ఎండ ఎక్కేదాకా లేచేవాడు కాదు.

"ఏముంది బావా ఆడ?" అని అడిగింది అలివేలు ఒకనాడు అన్నం వడ్డిస్తూ.

"ఏమీ లేదు. అదే బాగుంటుంది." ముద్ద కలుపుతూ మళ్ళీ అన్నాడు. "నడుస్తా ఉంటారు ఎవురో."

"ఎవరు?"

"తెలీదు. నా యెనక పక్క. దగ్గిరికి రారు, దూరం పోరు. ఒకే తీరుగా నడుస్తా ఉంటారు."

మర్నాడు అలివేలు కూడా వెళ్ళి, ఆయన కూర్చునే చోట గడ్డి అణిగి గుంతపడిన దగ్గర కూర్చుంది. మొదట చెవుల్లో ఒక సన్నని కూత. అది పోయాక, నిజంగానే అడుగులు వినబడ్డాయి. మెత్తటి మట్టి మీద బరువైన మనిషి ఎవరో తీరిగ్గా నడుస్తున్నట్టు. వెనక్కి తిరిగి చూసింది. గడ్డి తప్ప ఏమీ లేదు. ఆమెకు భయం వేసింది. భయపడగానే అడుగుల వేగం పెరిగింది. అప్పుడర్థమైంది.

"అది నీ గుండె బావా," అంది ఇంటికొచ్చి. "వేరే సద్దేమీ లేకపోయేసరికి నీ గుండె నీకు వినబడతా ఉంది. నెత్తురు పారేది కూడా వినబడుతుంది. అంతే."

"తెలుసు," అన్నాడు మునిరత్నం. "అయినా తోడుగా ఉంటుంది."

ఆ నిశ్శబ్దానికి అలవాటుపడ్డ చెవులకు ఇల్లు ఓర్వరానిదైపోయింది. గ్లాసు కింద పెడితే ఉలిక్కిపడేవాడు. కుక్కరు కూత వేస్తే రెండు చేతులతో తల పట్టుకునేవాడు. ఆవులూ అంతే. కొట్టంలో బకెట్టు ఒరిగితే చాలు, బీటివైపు గుంజుకునేవి. అన్నిటికన్నా ఎక్కువగా ఆయనకు తల్లి గొంతు గుచ్చుకునేది.

"మెల్లగా మాట్లాడమ్మా. చెవుల్లో మేకులు కొట్టినట్టుంది."

కుప్పమ్మ మొదట తిట్టింది, తర్వాత చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత నిజంగానే గొంతు తగ్గించింది. చెయ్యి నోటికడ్డం పెట్టుకుని కోడలితో గుసగుసగా మాట్లాడేది. పక్కింటివాళ్ళను పిలవాలంటే వీధి చివరిదాకా నడిచిపోయేది. కొన్నాళ్ళకు అసలు మాట్లాడ్డమే తగ్గించేసింది.

"వాడి బీటికీ ఈ ఇంటికీ తేడా లేకుండా పోయింది పాపా," అంది ఒక సాయంత్రం, కోడలి చెవి దగ్గర.

అలివేలు చూస్తూనే ఉంది. కానీ సంస్థలో పని జోరు మీదుంది. పరాంకుశం బెంగుళూరు నుంచి ఒక బిల్డరును తీసుకొచ్చాడు. విమానాశ్రయం దగ్గర వరుసగా బంగళాలు కడుతున్నాడట, ఇంటింటికీ ముందు ఇదే లాన్ కావాలన్నాడు. బీటి పచ్చికలోకి దిగి, కళ్ళు మూసుకుని నిలబడి, గుడిలోంచి వచ్చినవాడిలా బయటికి వచ్చాడు. విత్తనం ఒక్క ఏడాదిలో ఎంత పెంచగలరని అడిగాడు. ఆ హడావుడిలో ఆమె మునిరత్నం సంగతి వేసవి దాకా వాయిదా వేసుకుంది.

ఆ లోపలే దూడ చచ్చిపోయింది. మూడు నెలల పెయ్య. బీటి అంచున వాననీరు పోయే కాలువలో కాలు ఇరుక్కుని పడిపోయింది. తల్లి ఆవు పిలిస్తే అందేంత దూరంలోనే మేస్తోంది. సాయంత్రం ఆవుల్ని తోలుకొచ్చేటప్పుడు గాని మునిరత్నం చూసుకోలేదు. దాని మెడ చుట్టూ మట్టి గీరుకుపోయి ఉంది, నోరు తెరుచుకుని ఉంది.

"అరిచుంటుంది గదా," అంది కుప్పమ్మ, కొట్టం గడప మీద కూర్చుని.

"అరిచుంటుందత్తా."

"పొద్దంతా అరిచుంటుంది."

ఆ రాత్రే అలివేలు భర్తతో తెగేసి చెప్పింది. బీడు దున్నేద్దాం, ఈసారి మూడాకు బాగా తగ్గించి మళ్ళీ చల్లుదాం అంది.

"చలికాలం పోనీ," అన్నాడు మునిరత్నం, బతిమాలుతున్నట్టు. "అంతవరకూ ఉండనీ."

చలికాలం మొదట్లో మంచు బాగా దిగిన ఒక ఉదయం అది. పాలవ్యాను వెళ్ళిపోయింది. మునిరత్నం బీటికి వెళ్ళి చాలాసేపైంది. ఆవుల్ని ఇంకా వదల్లేదు. కుప్పమ్మ చెంబులో రాగి అంబలి పోసుకుని కొడుకు కోసం బయలుదేరింది. అలివేలు కొట్టంలో పేడ తీస్తూ, గుమ్మంలోంచి అత్త గట్టెక్కడం చూసింది.

కుప్పమ్మ గట్టు మీద ఆగిపోయింది. చెంబు చేతిలోంచి జారిపోయింది.

అలివేలు పార పక్కన పడేసి బయటికి వచ్చింది. బీటి మీద మంచు నడుము ఎత్తున తెల్లగా పరుచుకుని ఉంది. మధ్యలో మునిరత్నం తల, భుజాలు కనబడుతున్నాయి. ఎప్పటిలాగే అడవికి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన వెనక మంచులోంచి ఏనుగులు వస్తున్నాయి. ఎన్నో లెక్క తెలియలేదు. పెద్దవి రెండు మూడు, వాటి కాళ్ళ మధ్య ఒక పిల్ల. తొందరేమీ లేదు వాటికి. తొండంతో మూడాకు పీకి నోట్లో పెట్టుకుంటూ, ఆగుతూ, ఒక్కో అడుగూ వేస్తూ వస్తున్నాయి. ఆయన వాటి అడుగుల్ని విని ఉంటే విని ఉంటాడు. రోజూ వినేదే గదా అనుకుని ఉంటాడు.

కుప్పమ్మ అరిచింది. గట్టు మీది నుంచి అరిచింది గనక మొదటి పిలుపు అలివేలుకు వినబడింది. "రేయ్ మునీ..." అని. ఎన్నో నెలలుగా అణిచిపెట్టుకున్న ఆ గొంతు కొండకు తగిలి తిరిగొచ్చింది. కొట్టంలో ఆవులన్నీ ఒక్కసారి కదిలాయి. మునిరత్నం కదల్లేదు. కుప్పమ్మ ఇంకోసారి పిలిచింది. తర్వాత గట్టు దిగి బీటిలోకి పరుగెత్తింది.

దిగీ దిగగానే గొంతు తెగిపోయింది. ఆమె ఇంకా అరుస్తూనే ఉందని మెడ చూస్తే తెలుస్తోంది. చేతులూపుతూ, చీర కాళ్ళకు అడ్డం పడుతుంటే ఎత్తి పట్టుకుంటూ, ఆమె కొడుకు వైపు వెళ్తోంది. ఏనుగు పిల్ల మేత వెతుక్కుంటూ పక్కకు తిరిగి ఆమె దారిలోకి వచ్చింది. తల్లి ఏనుగుకు కనబడిందల్లా తన పిల్ల మీదికి పరుగెత్తుకొస్తున్న ఒక మనిషి.

అలివేలు పరుగెత్తుతూనే ఉంది. ఏనుగు చెవులు విప్పడం, కుప్పమ్మ ఆగడం, ఆ తర్వాత జరిగింది, అంతా అద్దానికి అవతల జరిగినట్టు జరిగింది. ఒక్క సద్దు లేదు. మంచు మాత్రం చెదిరింది. ఏనుగులు పిల్లను నడుమ పెట్టుకుని, వచ్చిన దారినే మెల్లగా అడవిలోకి వెళ్ళిపోయాయి.

మునిరత్నం ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. తల్లి ఆయనకు పిలుపు దూరం కూడా కాదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో పడి ఉంది. అలివేలు వెళ్ళి భుజం పట్టుకుని కుదిపితే తెరిచాడు. భార్య ముఖం చూసి, ఆమె చూపు వెంట తలతిప్పాడు.

అటవీశాఖ అధికారి ఒకాయన వచ్చి అడుగుల జాడలు కొలుచుకున్నాడు. బీటి మధ్యన నిలబడి రెండు మాటలు మాట్లాడబోయి, తన గొంతు తనకే అందక బెదిరిపోయి, గట్టెక్కి వచ్చి అలివేలుతో అన్నాడు.

"బండసద్దుకు ఏనుగులు ఈ పక్కకి రావడం మానేసి చానా కాలమైందమ్మా. ఇప్పుడు ఈ చుట్టుపక్కల వాటికి నెమ్మదిగా ఉండే చోటు ఇదొక్కటే. మళ్ళీ వస్తాయి."

మునిరత్నం తల్లికి కొరివి పెట్టాడు, కర్మంతా పద్ధతిగా చేశాడు. కంట నీరు పెట్టలేదు. ఎవరైనా పలకరిస్తే తల ఊపేవాడు. "రాయి మాదిరి ఉండాడే" అని చుట్టాలు వంటింట్లో గుసగుసలాడుకున్నారు. కర్మ ముగిసిన మర్నాటి నుంచి మళ్ళీ బీటికి వెళ్ళసాగాడు. ఆవుల్ని తోలుకెళ్ళడం లేదు, ఒక్కడే వెళ్ళేవాడు. ఇప్పుడు అడవి వైపు తిరిగి, ఇంటికి వీపు పెట్టి కూర్చునేవాడు. పొద్దు వాలాక వచ్చి, పెట్టింది తిని పడుకునేవాడు. అలివేలుకు ఆ వీపును చూస్తే కోపం వచ్చేది. తల్లిని మింగిన చోట ఇంకా ఏం సుఖముందని వెళ్తాడో అనుకునేది. ఆ కోపం వెనకే తన చేత్తో సగానికి సగం కలిపిన విత్తనం గుర్తొచ్చేది.

ఆమె ప్రయోగశాలకు వెళ్ళిన రోజు పరాంకుశం బిల్డరుకు పంపాల్సిన సంచుల దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"మూడాకు తగ్గిద్దాం అమ్మా. అడవి పక్కన వద్దని రాసి పెడదాం. ఊళ్ళో లాన్లకు ఏనుగులు రావు కదా."

"ఎంతకు తగ్గించమంటారు సార్? మనిషి అరుపు వినబడేంత తగ్గిస్తే విమానం కూడా వినబడుతుంది. విమానం వినబడకుండా పెంచితే మనిషి వినబడడు. నేను రెండింటినీ విడదీయాలని చూశాను. ఆ రెండూ అదే నూగులో కలిసే పోతున్నాయి."

పరాంకుశం ఒక సంచి మూతిని మళ్ళీ బిగించి కట్టాడు.

"ఆ బంగళాల్లో పిల్లలు ఉంటారు," అంది అలివేలు. "లాన్ మీద ఆడుకుంటారు. ఏ నీళ్ళ తొట్టిలోనో పడతారు. అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. మా బీట్లో దూడ పోయిన తీరు మీకు చెప్పాను. మీరు ఒక్క దూడే కదా అన్నారు. ఆ రోజు నేను కూడా అట్లే అనుకున్నాను."

కొత్త విత్తనం పెంచడానికి దాచి ఉంచిన తల్లి విత్తనమంతా ఆ గదిలోనే ఉంది. బీట్లో తప్ప ఆ మూడాకు ఇంకెక్కడా లేదు. అలివేలు లేచి, సంచులు ఒక్కోటీ విప్పి విత్తనాల్ని ఆరబెట్టే యంత్రంలో పోసి, వేడి చివరిదాకా పెంచింది. పరాంకుశం అడ్డం రాలేదు. కాసేపటికి గదిలో వేపుడు వాసన నిండింది. ఆయన కిటికీ తెరిచి, ఫోను తీసి బిల్డరుతో మాట్లాడాడు. విత్తనం మొలక చచ్చిపోయిందనీ, మళ్ళీ తయారు చేయడం తమ వల్ల కాదనీ చెప్పాడు. ఫోను పెట్టేసి ఖాళీ సంచుల్ని మడతపెట్టాడు.

"ఎన్నేళ్ళ పని అమ్మా," అన్నాడు.

"అవును సార్," అంది.

మిగిలింది బీడు. ఆ రాత్రి మునిరత్నంతో చెప్పింది.

"రేపు దున్నేస్తా ఉండా బావా. మొలిచినప్పుడల్లా మళ్ళీ దున్నుతా. దాని గింజ మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. ఎన్నేళ్ళైనా దున్నుతా."

ఆయన అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. తెల్లారేసరికి బీటి మధ్యలో తన చోట, అడవికేసి తిరిగి కూర్చుని ఉన్నాడు.

అలివేలు ట్రాక్టరెక్కింది. లేచి పొమ్మని చెప్పడానికి వెళ్తే ఆమె మాట అక్కడ పనిచెయ్యదు. చేత్తో సైగ చేద్దామంటే ఆయన ఇటు చూడడు. గట్టు వారగా మొదలుపెట్టి చుట్టూ దున్నుకుంటూ లోపలికి రావాలని నిర్ణయించుకుంది. దగ్గరికొచ్చేసరికి ఆయనే లేస్తాడులే అనుకుంది.

నాగలి దిగగానే నల్లటి మట్టి తిరగబడింది. మూడాకు వేళ్ళు, వాటి లేత ఎరుపు బుడిపెలు పైకి తేలాయి. మొదటి చుట్టు తిరుగుతున్నంతసేపూ ఇంజను పనిచేస్తోందో లేదో చేతి కింది వణుకును బట్టే తెలుస్తోంది. రెండో చుట్టుకు, వెనక దున్నిన నేల మీది నుంచి బుసబుసమని ఏదో వినబడింది. తన బండి సద్దే అది. చుట్టు చుట్టుకూ ఆ సద్దు పెరిగింది. మొదట సైలెన్సరు కొట్టుకునే టకటక, తర్వాత నాగలి కర్రులు రాళ్ళకు గీసుకునే కీచు, ఆ తర్వాత లావుపాటి మోత. అన్నాళ్ళూ మూగగా ఉన్న చోట అది మరీ పెద్దగా, మొరటుగా ఉంది. కాకులెక్కడి నుంచో వచ్చి చాళ్ళలో వాలాయి. వాటి అరుపులు వినబడ్డాయి.

మునిరత్నం లేవలేదు. చుట్టు చిన్నదవుతూ వచ్చి, చివరికి ఆయన చుట్టూ కళ్ళం అంత పచ్చిక మిగిలింది. అలివేలు మలుపు తిప్పుతూ చూసింది. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇంజను మోత కింద నుంచి ఇంకేదో సద్దు వస్తోంది. బేరింగు పోయిందేమో అనుకుంది. ఎక్కువ తక్కువలవుతూ, తెగి మళ్ళీ మొదలవుతూ, ఒక కూత. ఆమె ఇంజను ఆపేసింది.

కూత ఆగలేదు.

ఆయన ఏడుస్తున్నాడు. నోరంతా తెరిచి, అడవి వైపు చేతులు చాపి, గొంతు చీలిపోయేలా ఏడుస్తున్నాడు. అది అప్పుడే మొదలైన ఏడుపు కాదని అలివేలుకు వినగానే తెలిసింది. గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే వచ్చి, ఎవరికీ, తనకు కూడా వినబడకుండా, ఆయన చేస్తున్న పని ఇదే.

"పిలువమ్మా," అంటున్నాడు. "ఇంకోతూరి పిలువమ్మా. ఈతూరి పలుకుతా. ఒక్కతూరి పిలువు."

గట్టుకు అవతలి రోడ్డు మీద పోతున్న మనుషులు సైకిళ్ళు ఆపుకుని నిలబడిపోయారు. కొట్టంలోంచి ఒక ఆవు అంబా అంది.

ఆ అరుపు విని మునిరత్నం ఆగిపోయాడు. తల తిప్పి దున్నిన నేలను చూశాడు, రోడ్డు మీది మనుషుల్ని చూశాడు, ట్రాక్టరు మీద కూర్చున్న భార్యను చూశాడు. కాసేపటికి పెదవులు కదిలించాడు.

"వినబడతా ఉందా?" అన్నాడు.

"వినబడతా ఉంది బావా," అంది అలివేలు.

మునిరత్నం లేచాడు. కాళ్ళు పట్టేసినట్టున్నాయి, రెండడుగులు తూలాడు. ఆ మిగిలిన పచ్చిక దాటి, దున్నిన చాళ్ళలోకి దిగి, మట్టి మీద కూలబడ్డాడు. అక్కడ కూర్చుని, అందరూ చూస్తుండగా, అందరికీ వినబడేలా మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాడు. చేత్తో మాత్రం ఆ పచ్చిక వైపు చూపించాడు, దాన్ని కూడా దున్నేయమన్నట్టు.

అలివేలు తాళంచెవి మీద చెయ్యి పెట్టింది గాని తిప్పలేదు. ఇంజను మోతలో ఆ ఏడుపు మళ్ళీ మునిగిపోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఆయన ఏడ్చి ముగించేదాకా ఆగింది. చాలాసేపు పట్టింది.